ఆ పీరియడ్ ఎవరు చూస్తారు?

మూడేళ్ల కిందటి మాట. బడి విడిచాక మా తోటి ఉపాధ్యాయుడొకాయన ఒక కాగితం పట్టుకొని హెడ్మాస్టరు గదిలోకి వచ్చాడు. నేను మధ్యాహ్న భోజనం లెక్క రాస్తూ అక్కడే కూచొని ఉన్నాను. ఆయన నారాయణఖేడ్ వైపు ఒక తండాలో పుట్టినవాడు. నాలాగే పదో తరగతి, ఇంటరు, ఆ తర్వాత టీచరు ట్రైనింగు. నేను అక్కడితో ఆగిపోయాను. ఆయన ఆగలేదు. ఉద్యోగం చేస్తూనే దూరవిద్యలో డిగ్రీ, ఆ పైన చరిత్రలో ఎం.ఏ. చదివాడు. నలభై దాటాక పీహెచ్‌డీలో పార్ట్‌టైం ప్రవేశం సంపాదించాడు. తండాల నుంచి పటాన్‌చెరు పారిశ్రామికవాడకు వలస వచ్చిన కుటుంబాల చరిత్ర ఆయన తీసుకున్న విషయం.

ఆ కాగితం నిరభ్యంతర పత్రం నమూనా. వాడుకలో ఎన్ఓసీ అంటాం. అందులో మూడు మాటలున్నాయి. ఈ ఉద్యోగి పార్ట్‌టైంగా చదువుకోవడానికి మాకు అభ్యంతరం లేదు అన్నది మొదటిది. ఇతని విధులు పరిశోధనకు తగినంత సమయం కేటాయించుకోవడానికి వీలిస్తాయి అన్నది రెండోది. అవసరమైతే కోర్సువర్క్ పూర్తి చేయడానికి ఇతన్ని విధుల నుంచి విడుదల చేస్తాం అన్నది మూడోది. హెడ్మాస్టరు ముందుగా సంతకం చేసి పైకి పంపితే, అక్కడి నుంచి అది మెట్టు మెట్టుగా వెళ్లాలి.

హెడ్మాస్టరు మంచి మనిషే. కాగితం రెండుసార్లు చదివి కళ్లజోడు తీశాడు. "మొదటి లైనుకు ఇప్పుడే సంతకం పెడత సార్. మూడో లైను పైవాళ్లు చూసుకుంటరు. ఈ రెండో లైనే ఎట్ల పెట్టాలె? ఏడు తరగతులకు నలుగురం ఉన్నం. నీ విధులు సమయం ఇస్తయని నేను రాస్తే అబద్ధం గాదా? నువ్వు పోయిన రోజు నీ పీరియడ్ ఎవరు చూస్తరు?"

ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. సంతకమైతే ఆ రోజు పడింది. కానీ ఆ ప్రశ్న నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది. పాఠం చెప్తూ పరిశోధన చేసిన వాళ్లు మన కంటే ముందు ఎవరెవరున్నారు, వాళ్ల పీరియడ్ ఎవరు చూశారు అని వెతుక్కుంటూ పోతే నాకు దొరికినంత మేరకు ఈ వ్యాసం.

ముందు ఆ మూడు మాటల సంగతి చెప్పాలి. అవి విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2022 నవంబరులో ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనల్లో ఉన్నాయి. పార్ట్‌టైం పరిశోధకుడు తన సంస్థ నుంచి ఇవి రాయించుకొని రావాలి. అదే నిబంధనల్లో ఇంకోచోట మరో మాట ఉంది. పీహెచ్‌డీ చేసే ప్రతి విద్యార్థీ తన సబ్జెక్టును బోధించడంలోనూ రాయడంలోనూ శిక్షణ పొందాలి, ట్యుటోరియళ్లూ ప్రయోగశాల పనీ మూల్యాంకనమూ చూసే సహాయకుడిగా వారానికి 4 నుంచి 6 గంటలు పని అప్పగించవచ్చు అని. ఒకే పుస్తకంలో బోధన రెండు చోట్ల కనబడుతుంది. ఫుల్‌టైం పరిశోధకుడికి అది శిక్షణ. బడిలో, కాలేజీలో బతుకుదెరువు కోసం పాఠం చెప్పేవాడికి అది అడ్డు. అడ్డు లేదని ఎవరో ఒకరు సంతకం చేస్తేనే ఆయనకు ప్రవేశం.

ఈ తేడా చూడటానికి మా జిల్లాలో దూరం పోనక్కర లేదు. 2008లో మొదలైన ఐఐటీ హైదరాబాద్ కొన్నేళ్లు ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో నడిచి, తర్వాత సంగారెడ్డి పక్కన కందిలో సొంత భవనాల్లోకి వచ్చింది. అక్కడి పరిశోధక విద్యార్థులు స్టైపెండు తీసుకుంటూ కింది తరగతుల వాళ్లకు లెక్కలు చేయిస్తారు, ల్యాబు చూస్తారు, జవాబు పత్రాలు దిద్దుతారు. తప్పేమీ కాదు, మంచి పద్ధతి. అదే జాతీయ రహదారి మీద కొంత దూరం హైదరాబాదు వైపు వస్తే ఇస్నాపూర్, పటాన్‌చెరు. ఇక్కడి సర్కారు బడుల్లో, జూనియర్ కాలేజీల్లో వారమంతా పాఠాలు చెప్పి, ఆదివారం థీసిస్ రాసుకునేవాళ్లు ఉన్నారు. వీళ్లలో మన గిరిజనులు తక్కువేమీ కాదు. ఎందుకంటే మనకు ముందు ఉద్యోగం కావాలి. ఇంట్లో మొదటి జీతం ఎక్కువ మందికి టీచరు ఉద్యోగంతోనే వచ్చింది. జీతం వచ్చాక గాని పరిశోధన అనే మాట నోటికి రాదు. కాబట్టి మన వాళ్లలో పరిశోధకుడు ముందు పంతులు, తర్వాతే పరిశోధకుడు.

ఈ బాటలో వెనక్కి పోతే తెలుగునాట మొదట కనబడే మనిషి గిడుగు రామమూర్తి. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగా పాఠ్యపుస్తకాల్లో ఆయన్ని చదువుకుంటాం. మన పుస్తకంలో ఆయన్ని వేరే కారణానికి తలుచుకోవాలి. పర్లాకిమిడి రాజావారి బడిలో, తర్వాత కాలేజీలో చరిత్ర చెప్పే పంతులు ఆయన. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకోవాలని పూనుకున్నాడు. ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకొని నేర్చుకున్నాడు. సెలవుల్లో కొండలెక్కాడు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడి పెట్టాడు. మన్యం జ్వరాలకు వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నాడు. ఆయనకు డాక్టరేటు గైడూ లేడు, ఫెలోషిప్పూ లేదు. 1911 నాటికి ఉద్యోగం నుంచి తప్పుకున్నాడు. సవర భాషా వ్యాకరణ గ్రంథం అచ్చులో వచ్చింది మాత్రం 1931లో. 1863లో పుట్టిన మనిషికి అప్పటికి 68 ఏళ్లు.

లెక్క చూడండి. కొండల్లో పని మొదలుపెట్టింది ముప్పయ్యో పడిలో. పుస్తకం వచ్చింది డెబ్భైకి దగ్గరగా. ఆయన పట్టుదలను మెచ్చుకోవడం సులువు, సభల్లో మెచ్చుకుంటూనే ఉంటాం. ఆయన తరగతిని ఒక్క మూడేళ్లు వేరే ఎవరైనా చూసి ఉంటే ఆ పుస్తకం ఎప్పుడు వచ్చేది అని మాత్రం ఎవరూ అడగరు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ పనిలో మాట చెప్పి, అర్థం చెప్పి, ఉచ్చారణ సరిదిద్దిన సవరల పేర్లు మనకు పెద్దగా తెలియవు. పంతులుకే సమయం దొరకని కాలంలో కొండమీది మనిషికి రచయిత అయ్యే వీలెక్కడిది?

రెండో మనిషి తెలుగువాడు కాదు. అయినా ఈ విషయంలో ఆయన కథ వదిలిపెడితే వ్యాసం కుంటుతుంది. అంబేడ్కర్ బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో న్యూయార్క్ వెళ్లి కొలంబియాలో చదివి, 1916లో లండన్ చేరాడని మనకు తెలుసు. లండన్‌లో థీసిస్ పని నడుస్తుండగా స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. 1917లో చదువు మధ్యలో ఆపి తిరిగి రావాల్సి వచ్చింది. నాలుగేళ్లలోగా తిరిగి వచ్చి పూర్తి చేసుకోవడానికి మాత్రం లండన్ విశ్వవిద్యాలయం అనుమతి ఇచ్చింది. ఆ అనుమతి చేతిలో పెట్టుకొని ఆయన బరోడా కొలువుకు వెళ్లాడు. అక్కడ ఉండటానికి ఇల్లు దొరకలేదు, తలదాచుకున్న పార్సీ సత్రం నుంచి గెంటేశారు. బొంబాయికి తిరిగొచ్చాడు.

1918 నవంబరులో సిడెన్‌హామ్ కాలేజీలో ఆర్థికశాస్త్రం ప్రొఫెసరుగా చేరాడు. ఆయన పాఠానికి విద్యార్థులు బాగా వచ్చేవాళ్లు. తోటి ప్రొఫెసర్లలో కొందరు మాత్రం ఉమ్మడి మంచినీళ్ల కుండ ఆయన ముట్టుకోవద్దన్నారు. ఆ ఉద్యోగం ఆయనకు గమ్యం కాదు. డబ్బు కూడబెట్టుకొని లండన్ పోవడానికి ఒక దారి. 1920 మార్చిలో రాజీనామా చేశాడు. ఆ జనవరిలోనే 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టాడు. కూడబెట్టిన జీతం, కొల్హాపూర్ షాహూ మహారాజు చేసిన సాయం, స్నేహితుడు నవల్ భతేనా దగ్గర అప్పు, ఈ మూడూ కలిపి ఆ సంవత్సరమే మళ్లీ ఓడ ఎక్కాడు. 1921లో ఎమ్మెస్సీ అయింది. రూపాయి సమస్య మీద రాసిన డీఎస్సీ థీసిస్‌ను పరీక్షకులు మార్పులు చేయమని వెనక్కి పంపారు. అప్పటికి చేతిలో డబ్బు లేదు. 1923లో బొంబాయి వచ్చి ఇక్కడి నుంచే మార్పులు చేసి పంపాడు. ఆ ఏడాదిలోనే డిగ్రీ వచ్చింది, పుస్తకమూ అచ్చయింది.

ఈ కథ మన పిల్లలకు చెప్పేటప్పుడు దీక్ష గురించే చెప్తాం. నేనూ ఇన్నాళ్లు అట్లాగే చెప్పాను. ఇప్పుడు వరసగా రాసుకొని చూస్తే వేరే సంగతులు కనబడుతున్నాయి. నాలుగేళ్ల గడువు ఇచ్చిన విశ్వవిద్యాలయం ఉంది. ఏడాదిన్నర జీతం ఇచ్చిన కాలేజీ ఉంది. సాయం చేసిన ఒక రాజు, అప్పిచ్చిన ఒక స్నేహితుడు ఉన్నారు. వీటిలో ఒక్కటి తప్పినా ఆ థీసిస్ లండన్‌లో సగంలోనే ఉండిపోయేది. పైగా ఆయన ఉద్యోగం, పరిశోధన ఏకకాలంలో చేయలేదు. ఉద్యోగం వదిలేసి వెళ్లాడు. ఇంట్లో ఆరుగురిని పోషించే మన టీచరుకు ఆ దారి మూసుకొని ఉంది. అంబేడ్కర్ ఇంట్లో రమాబాయి పడ్డ పాట్లు గుర్తు చేసుకుంటే, ఆ దారి ఆయనకు కూడా తేలిగ్గా తెరుచుకోలేదని తెలుస్తుంది.

ఇక మన నేల మీదికి వద్దాం. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను నిజాం పోలీసులు కాల్చి చంపాక, ఆదిలాబాద్ గోండుల అశాంతికి కారణమేమిటో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి తోచింది. ఆ పని మీద వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్. వియన్నాలో డాక్టరేటు చేసిన మనిషి. యుద్ధకాలంలో ఆయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో బ్రిటిష్ వాళ్ల కంట్లో శత్రుదేశీయుడు. హైదరాబాద్ రాజ్యంలో ఉండి పరిశోధన చేసుకోనిచ్చారు. ఆయనా, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో కాపురముండి గోండుల గురించి రాశారు. 1943లో ఆ ఊళ్లోనే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ భాషలో, నాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. అక్కడ శిక్షణ పొందినవాళ్లు తమ గూడేల్లో బడులు తెరిచారు. నేను చదివిన టీచరు ట్రైనింగుకు మన ఆదివాసీ చరిత్రలో తొలి అడుగు అక్కడ పడింది.

1948లో హైమెన్‌డార్ఫ్ 'రాజ్ గోండులు' గ్రంథం వచ్చింది. పెద్ద పుస్తకం, మంచి పుస్తకం. బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఆ ఊరివాళ్లు ఇప్పటికీ ఆ దంపతులను తలుచుకుంటారు. వాళ్లను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. కానీ ఆ శిక్షణ కేంద్రం గురించి చదివినప్పుడల్లా నాకొక ఆలోచన వస్తుంది. ఆ బడిలో కూచున్న గోండు యువకులకు పర్సాపేన్ కథ తెలుసు, గోత్రాల లెక్క తెలుసు, ఏ ఊళ్లో భూమి ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయిందో తెలుసు. ట్రైనింగు అయ్యాక వాళ్లకు దొరికింది ఒక బడి, నలభై మంది పిల్లలు. పరిశోధించడానికి వచ్చిన మనిషికి రాజ్యం సమయం ఇచ్చింది. పరిశోధనకు కావాల్సిన జ్ఞానం ఉన్న మనిషికి టైంటేబుల్ ఇచ్చింది. ఆ ఏర్పాటును ఎవరూ దుర్బుద్ధితో చేయలేదు. అయినా దాని ఫలితం డెబ్భై ఏళ్లు నడిచింది.

స్వాతంత్ర్యం తర్వాత విశ్వవిద్యాలయాల్లో పనిచేసే వాళ్లకు కొంత తెరిపి దొరికింది. భద్రిరాజు కృష్ణమూర్తి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠం చెప్తూ అమెరికా వెళ్లి, 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ తెచ్చుకున్నాడు. తర్వాత అరకు వైపు కొండదొరల భాష మీద ఆయన రాసిన పుస్తకం 1969లో వచ్చింది. అచ్చు వేసింది హైదరాబాదులోని గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థ. గిడుగుకు నాలుగు దశాబ్దాలు పట్టిన పనికి ఇక్కడ ఎంత తక్కువ కాలం పట్టిందో చూడండి. ప్రతిభలో తేడా కాదిది. వెనక ఒక విశ్వవిద్యాలయం, ఒక సంస్థ నిలబడటం వల్ల వచ్చిన తేడా.

కాలేజీ అధ్యాపకుల కోసం యూజీసీ 1970లలో తెచ్చిన అధ్యాపకాభివృద్ధి పథకం గురించి కొంచెం నిలిచి చెప్పాలి. ఎఫ్ఐపీ అనేవాళ్లు. పర్మినెంటు లెక్చరరు రెండు మూడేళ్లు విశ్వవిద్యాలయానికి వెళ్లి పీహెచ్‌డీ చేసుకోవచ్చు. ఆయన జీతం ఆయనకు వస్తూనే ఉంటుంది. ఆయన లేని కాలంలో కాలేజీ ఒక ప్రత్యామ్నాయ అధ్యాపకుణ్ని పెట్టుకుంటుంది. ఆ ప్రత్యామ్నాయ అధ్యాపకుడి జీతం యూజీసీ ఇస్తుంది. మా హెడ్మాస్టరు అడిగిన ప్రశ్నకు నేను వెతికిన చరిత్ర మొత్తంలో సూటిగా జవాబు చెప్పిన పథకం ఇదొక్కటే. పీరియడ్ ఎవరు చూస్తారు అంటే, ఫలానా మనిషి చూస్తాడు, అతని జీతం మేమిస్తాం అంది. ప్రిన్సిపాల్ అబద్ధపు సంతకం చేయనక్కర లేదు. లెక్చరరు తోటివాళ్ల ముందు దోషిలా నిలబడనక్కర లేదు. పిల్లల పాఠం ఆగదు. పైగా ఆ మూడేళ్లలో ఒక నిరుద్యోగ ఎం.ఏ.కి బోధనానుభవం వచ్చేది.

ఆ పథకానికి మూడు గోడలు ఉన్నాయి. పర్మినెంటు ఉద్యోగి అయి ఉండాలి. యూజీసీ గుర్తింపు ఉన్న డిగ్రీ కాలేజీ అయి ఉండాలి. బడిపంతులుకు అందులో చోటు లేదు. డిగ్రీ కాలేజీ పర్మినెంటు పోస్టుల్లో గిరిజనులు ఆ రోజుల్లో ఎంతమంది? ఈ జిల్లాలోని లంబాడీలకు 1976 చట్టం తర్వాత గాని ఎస్టీ జాబితాలో చోటు దొరకలేదు. (ఆ చేర్పు గురించి మన ఆదివాసీ సమాజాల మధ్య ఉన్న వాదం నాకు తెలుసు. అది ఈ వ్యాసానికి విషయం కాదు.) జాబితాలోకి వచ్చిన తరం పిల్లలు పెరిగి, చదివి, లెక్చరర్లు అయ్యే నాటికి పర్మినెంటు నియామకాలు తగ్గిపోయాయి. కాంట్రాక్టు లెక్చరర్లు, గెస్టు లెక్చరర్లు వచ్చారు. మన వాళ్లు లోపలికి అడుగు పెట్టే సమయానికి ఆ మంచి పథకం తలుపు ఎత్తు ఒక జానెడు పెరిగినట్టయింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించింది, వాళ్లలో ఎక్కువమంది జూనియర్ లెక్చరర్లు. సంతోషమే. గంటల లెక్కన డబ్బు తీసుకునే గెస్టు లెక్చరరుకు మాత్రం సెలవు పెడితే ఆ రోజు కూలి పోయినట్టే.

2005–06లో రాజీవ్ గాంధీ జాతీయ ఫెలోషిప్ వచ్చింది. దాని వల్ల జరిగిన మేలు నేను తక్కువ చేసి చెప్పను. ఎస్సీ, ఎస్టీ పిల్లలు ఎంఫిల్, పీహెచ్‌డీ చేయడానికి నెలనెలా డబ్బు ఇచ్చే పథకం అంతకు ముందు ఆ స్థాయిలో లేదు. ఎస్టీలకు సంబంధించిన భాగం తర్వాత గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ కింద జాతీయ ఫెలోషిప్ అయింది. ఇప్పుడు ఏటా 750 మందికి ఇస్తారు. జూనియర్ ఫెలోకు 2019 నుంచి నెలకు 31,000, 2023 నుంచి 37,000 రూపాయలు. హాస్టల్లో ఉండి చదువుకునే ఇరవై అయిదేళ్ల పిల్లవాడికి ఇది నిజమైన ఆసరా. కానీ ఇది ఫుల్‌టైం పరిశోధకుడికి. ఉద్యోగం చేస్తూ ఫెలోషిప్ తీసుకోరాదు. మా మిత్రుడి లాంటి వాడు ఉద్యోగం మానేస్తే ఫెలోషిప్‌కు అర్హుడు, అది అయిదేళ్లకు అయిపోతుంది. ఆ తర్వాత? యాభై ఏళ్ల వయసులో చేతిలో డాక్టరేటు, ఎదురుగా మళ్లీ గెస్టు లెక్చరరు ఉద్యోగం. అందుకే ఆయన అర్జీ కూడా పెట్టలేదు.

ఇంకోవైపు పీహెచ్‌డీ అవసరం పెరిగింది. విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసరు కావాలంటే 2021 జులై నుంచి పీహెచ్‌డీ తప్పనిసరి అని 2018 నిబంధనల్లో రాశారు. తర్వాత గడువు 2023 జులైకి జరిపారు. ఆ గడువు వచ్చేసరికి నెట్, సెట్ ఉంటే చాలు, పీహెచ్‌డీ ఐచ్ఛికం అన్నారు. ఆ అయిదేళ్లలో నాకు తెలిసిన గెస్టు లెక్చరర్లు ముగ్గురు గడువుకు భయపడి ఫుల్‌టైం అని రాసి చేరి, కడుపు కోసం పాఠాలు చెప్తూనే ఉన్నారు. కాగితం మీద ఒక బతుకు, కాలేజీలో ఒక బతుకు. ఎవరికీ చెప్పుకోలేరు. అందులో ఒకామె మధ్యలో బిడ్డను కని, థీసిస్ ఇప్పటికీ ఇవ్వలేదు. మహిళలకు గడువులో అదనంగా రెండేళ్లు, 240 రోజుల దాకా ప్రసూతి సెలవు నిబంధనల్లో ఉన్నాయి. ఉన్నాయని ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

పరాయి దేశాల్లోనూ ఈ పేచీ పాతదే. అమెరికాలో పరిశోధక విద్యార్థులే కింది తరగతులకు పాఠాలు చెప్తారు. మేము విద్యార్థులమే కాదు, పనివాళ్లం కూడా అని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సంఘం పెట్టుకొని, సమ్మె చేసి, 1970లో తొలి ఒప్పందం సాధించారు. 2022 చివర్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల్లో 48,000 మంది సమ్మె చేస్తే జీతాలు పెరిగాయి. మన తెలుగు పిల్లలు చాలామంది అక్కడ టీఏలుగా పనిచేసే చదువుకుంటారు, ఫీజు మాఫీ అయ్యేది ఆ పని వల్లే. వాళ్ల తల్లిదండ్రులు ఆ మాట ఊళ్లో గర్వంగా చెప్తారు. ఇక్కడ పాఠం చెప్తూ పీహెచ్‌డీ చేసే టీచరును మాత్రం "ఇంక ఎందుకు సార్ ఈ వయసులో?" అంటారు.

ఎందుకో చెప్పాలంటే మా బడి బీరువా తెరవాలి. అందులో అడ్మిషన్ రిజిస్టర్లు ఉన్నాయి. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, మాతృభాష, ఇంతకు ముందు చదివిన బడి, చేరిన తేదీ, విడిచిన తేదీ, విడిచిన కారణం. మెదక్ జిల్లా వెనుకబడిన ప్రాంతమని రాయితీలు ఇవ్వడంతో 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలో ఫ్యాక్టరీలు వచ్చాయి. అంతకు ముందే రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1972లో ఇక్రిశాట్ వచ్చింది, దానికోసం మన్మూల్, కాచిరెడ్డిపల్లి అనే రెండు ఊళ్లు లేచిపోయాయి. ఏ ఫ్యాక్టరీ ఎప్పుడు వచ్చిందో సర్కారు రికార్డుల్లో ఉంటుంది. ఏ తండా నుంచి ఏ కుటుంబం ఏ నెలలో వచ్చి, ఏ నెలలో వెళ్లిపోయిందో మాత్రం బడి రిజిస్టరులోనే ఉంటుంది. నవంబరులో చెరుకు కోతకు పోయిన కుటుంబం పిల్లవాడి పేరు ఎదురుగా "రావడం లేదు" అని ఉంటుంది. కొన్నేళ్ల తర్వాత మాతృభాష గడిలో లంబాడీ తగ్గి, ఒడియా, హిందీ పెరుగుతాయి. కూలీల ఊళ్లు మారాయన్నమాట. ఈ గీతల్ని చదవగలిగిన మనిషి ఆ రిజిస్టరు రాసిన పంతులే. విడిచిన కారణం గడిలో "వేరే ఊరు" అని ఉంటే అది పెళ్లా, కూలా, జబ్బా అన్నది ఆయనకు గుర్తుంటుంది.

భంగ్యా భూక్యా వార్విక్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసి, నిజాం పాలనలో లంబాడీల చరిత్రను 2010లో పుస్తకంగా తెచ్చాడు. 2017లో గోండుల చరిత్ర రాశాడు. హైమెన్‌డార్ఫ్ పుస్తకానికీ దీనికీ మధ్య 69 ఏళ్లు. గిరిజనుల చరిత్ర గిరిజనుడే విశ్వవిద్యాలయ స్థాయిలో రాయడానికి అంతకాలం పట్టింది. ఆ తర్వాతి పని, అంటే ఒక్కో మండలం, ఒక్కో వలస దారి, ఒక్కో కార్మికవాడ చరిత్ర, పెద్ద ప్రొఫెసర్లు ఒక్కరే చేయలేరు. అది బీరువా తాళం ఉన్నవాళ్లు చేయాల్సిన పని.

మా మిత్రుడి కోర్సువర్కుకు విడుదల ఉత్తర్వు సగం రోజులకే వచ్చింది. మిగతా రోజులకు ఏడాదిలో ఉన్న 15 క్యాజువల్ లీవులు వాడేశాడు. ఆ ఏడు ఇంట్లో జ్వరమొచ్చినా ఆయన సెలవు పెట్టలేదు. పీరియడ్ సంగతి మేమే సర్దుకున్నాం. ఆయన ఆరు, ఏడు తరగతుల సాంఘికశాస్త్రం నేనూ, ఇంకొక మేడమూ పంచుకున్నాం. ఆమె తన అయిదో తరగతిని ఆరో తరగతి పక్కన కూచోబెట్టి రెండింటికీ కలిపి చెప్పింది. దాని నష్టం పిల్లలే భరించారు, అది దాచను. ఎఫ్ఐపీ లాంటిది బడులకు కూడా ఉండి, ఒక విద్యావాలంటీరును ఆ రెండేళ్లకు ఇచ్చి ఉంటే అందుకయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు. పిల్లలకు పాఠం, నిరుద్యోగికి పని, జిల్లాకు చరిత్ర వచ్చేవి. మన సంఘాలు ఎన్నో వినతి పత్రాలు ఇస్తాయి. పీఆర్సీ, బదిలీలు, పదోన్నతులు. ఈ మాట ఒక్కసారి కూడా నేను ఏ పత్రంలోనూ చూడలేదు. నేను సంఘంలో ఉన్నవాణ్నే కాబట్టి ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

నిబంధనల ప్రకారం ఆయనకు ఆరేళ్లు, మళ్లీ నమోదు చేయించుకుంటే ఇంకో రెండేళ్లు. అందులో మూడేళ్లు అయిపోయాయి. పోయిన నెల రెండో అధ్యాయం గైడు గారి నుంచి తిరిగొచ్చింది. 1985కు ముందు వచ్చిన కుటుంబాల పట్టిక అసంపూర్ణంగా ఉందని ఎర్ర ఇంకుతో రాసి ఉంది. ఆ సంవత్సరాల రిజిస్టర్లు మా బడిలో లేవు. పక్క ఊరి ప్రాథమిక పాఠశాలలో, పాత ఎన్నికల సామాను వెనక, చెదలు పట్టని మూటలు రెండు ఉన్నాయని అక్కడి టీచరమ్మ చెప్పింది. వచ్చే రెండో శనివారం ఇద్దరం పోతున్నాం.